చేతిలో నంబరు, కచ్చేరిలో జ్ఞాపకం
కచ్చేరి నుంచి కంప్యూటరు దాకా – 11వ భాగం

బాన్సువాడలో తహసీల్ ఆఫీసు పనుల కోసం జనం వచ్చే ఏ మీసేవ కేంద్రంలోనైనా పొద్దంతా వినిపించే మాట ఒకటుంది: "నంబరు చెప్పు కాకా." పేరు తర్వాత, ఊరు తర్వాత, ముందు నంబరు. కులం సర్టిఫికెట్టు కోసమైనా, ఆదాయం కాగితం కోసమైనా, భూమి పని కోసమైనా ఆ నంబరు కొడితేనే తెర మీద కథ కదులుతుంది. అది లేకపోతే, మొన్న ఇదే కుర్చీలో కూర్చుని వేలిముద్ర వేసి పోయిన మనిషి కూడా ఆ తెరకు కొత్తవాడే.

గత భాగంలో ఫైబర్ తీగ మండల కేంద్రం దాకా ఎలా వచ్చిందో చెప్పుకున్నాం. ఆ తీగ మీద నడిచే వెబ్‌కు పుట్టుకతోనే ఒక గుణం ఉంది. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబిస్తుంది, ఇచ్చిన మరుక్షణం అడిగిన మనిషిని మరచిపోతుంది. మరచిపోయే యంత్రం మీద రైతు భూమి అమ్మకం లాంటి నాలుగు మెట్ల పనిని ఎలా నడిపించారు? మొదటి మెట్టు ఎక్కిన సంగతి రెండో మెట్టు దగ్గర ఎవరికి గుర్తుంటుంది? ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే. దానికి జవాబు వెతకాలంటే వెబ్ పుట్టిన జెనీవా కంటే ముందు మన ఊళ్లోకే వెళ్లాలి, ఎందుకంటే ఆ ప్రశ్న కంప్యూటరు కంటే చాలా పాతది.

1865లో మొదటి సాలార్‌జంగ్ జిలాబందీతో హైదరాబాద్ రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విడదీశాడు. కచ్చేరీలు వెలిశాయి, తహసీల్దార్లు వచ్చారు. అయితే భూమి జ్ఞాపకం తహసీల్దారు దగ్గర ఉండేది కాదు, ఊళ్లో పట్వారీ దగ్గర ఉండేది. బట్టలో కట్టిన దస్తరం మూట, దానిలో పహాణీలు, జమాబందీ లెక్కలు. పట్వారీగిరీ వతన్, అంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. అందుకే రైతు ఏ నంబరూ చెప్పక్కరలేదు. గడపలోకి అడుగు పెట్టగానే పట్వారీకి ఆ రైతు తాత ఏ సర్వే నంబరులో ఎన్ని గుంటలు అమ్ముకున్నాడో, ఏ ఏడు శిస్తు బాకీ పడ్డాడో గుర్తుకొస్తుంది. నిరుడు సగంలో ఆగిన మాట ఈ ఏడు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇది చదువుతుంటే ఎంత సౌకర్యమో అనిపిస్తుంది. తెలంగాణ పల్లెల చరిత్ర తెలిసినవాళ్లు మాత్రం అలా అనరు. జ్ఞాపకం ఒక్కడి దగ్గరే ఉన్నప్పుడు, దాన్ని మార్చే కలమూ అతని చేతిలోనే ఉంటుంది. పహాణీలో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి. దున్నుతున్నది ఒకరైతే అనుభవదారు గడిలో మరొకరి పేరు పడేది. చదువురాని రైతుకు ఆ సంగతి ఏళ్ల తరబడి తెలిసేదే కాదు, తెలిసినా చూపించడానికి చేతిలో కాగితం ముక్క ఉండేది కాదు. పోలీసు చర్య తర్వాత, 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ ఆ అయోమయాన్ని ఒక్కసారి మొదటి నుంచి రాసుకునే ప్రయత్నం. నేటికీ తెలంగాణలో భూతగాదా వస్తే వకీలు మొదట అడిగేది అదే.

1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్–పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. ఆ నిర్ణయం సామాజికంగా ఎంత పెద్దదో ఈ ధారావాహిక నాలుగో భాగంలో రాశాను. మన ప్రశ్నకు సంబంధించి చూస్తే, ఊరి జ్ఞాపకాన్ని మోస్తున్న మనిషి ఒక్కరోజులో తప్పుకున్నాడు. దస్తరం మూటల అప్పగింతే చాలాచోట్ల తగాదా అయింది. మూట వచ్చినచోట కూడా పట్వారీ తలలో ఉన్నది మూటతో పాటు రాలేదు. ఆ తర్వాత ఊరికి వచ్చిన ప్రతి ఉద్యోగీ బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోయేవాడే. రైతు ప్రతిసారీ తన కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

అప్పుడు రైతుకు ఆసరాగా నిలిచింది పాసుపుస్తకం. 1971 నాటి భూహక్కుల చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణలు పట్టాదారు పాసుపుస్తకాన్ని ఇంటింటి వస్తువు చేశాయి. అధికారి మారినా, బ్యాంకు మేనేజరు మారినా పుస్తకం తెరిచి చూపిస్తే చాలు. ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, తహసీల్దారు ముద్ర, తీసుకున్న పంట రుణం, అన్నీ ఆ పేజీల్లోనే. అంటే జ్ఞాపకం కచ్చేరి నుంచి రైతు సంచిలోకి మారింది. కచ్చేరికి ఏమీ గుర్తుండనక్కరలేదు, అడగవచ్చినవాడే తన జ్ఞాపకాన్ని మోసుకొస్తాడు.

దీనికీ రెండు చిక్కులు వచ్చాయి. ముద్రను దొంగతనంగా తయారు చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. నకిలీ పాసుపుస్తకాల మీద బ్యాంకులు అప్పులిచ్చిన ఉదంతాలు రెండు తెలుగు ప్రాంతాల్లోనూ పేపర్లకెక్కాయి. రెండోది ఇంకా సూక్ష్మమైనది. భూమి అమ్మేసిన మనిషి చేతిలో పాత పుస్తకం అలాగే ఉండిపోతుంది. పుస్తకం నకిలీ కాదు, ముద్ర నిజమైనదే, కానీ అందులో రాసినది ఇప్పుడు నిజం కాదు. దాన్ని చూసి మోసపోయినవాడికి అది ఏనాటి నిజమో తెలిసే దారి లేదు. ఈ రెండు చిక్కులను గుర్తుపెట్టుకోండి, వెబ్ చరిత్రలో ఇవే మళ్లీ తారసపడతాయి.

జ్ఞాపకం చేతిలోనే ఉండి, కచ్చేరికి అసలు చేరనిది మరొకటుంది: సాదాబైనామా. నలుగురు పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక, తాలూకా కేంద్రం దాకా పోయే తీరిక లేక, మాట మీద నమ్మకంతో ఇలా కొన్నవాళ్లు తెలంగాణ పల్లెల్లో లక్షల్లో ఉన్నారు. ముప్ఫై ఏళ్లు దున్నుతారు, బావి తవ్వుకుంటారు, పిల్లల పెళ్లిళ్లు చేస్తారు. కచ్చేరి పుస్తకంలో మాత్రం ఆ భూమి అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది. ఇద్దరి మధ్య జరిగిన పని మూడో పుస్తకంలోకి ఎక్కలేదు, అంతే. తెలంగాణ ప్రభుత్వం 2020లో వీటిని క్రమబద్ధం చేస్తామని దరఖాస్తులు పిలిస్తే సుమారు 9 లక్షలు వచ్చాయి. అదే కాలంలో వచ్చిన కొత్త చట్టంలో వాటికి చోటు లేకపోవడంతో హైకోర్టు ఆపమంది. అవి ఏళ్ల తరబడి అలాగే ఆగిపోయాయి. భూమిని నమ్ముకున్న సన్నకారు రైతుకు ఇంతకంటే పెద్ద గుబులు ఉండదు.

ఇక జెనీవా. 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాలలో వెబ్‌కు దారితీసిన తన ప్రతిపాదన రాశాడు. అక్కడికి ప్రపంచం నలుమూలల నుంచి భౌతిక శాస్త్రవేత్తలు వచ్చిపోతుంటారు, వాళ్ల కాగితాలు రకరకాల కంప్యూటర్లలో చెదిరి ఉంటాయి. ఒక కాగితంలోని లంకె నొక్కితే మరో కంప్యూటరులోని కాగితం రావాలి. అందుకోసం ఆయన రాసిన హెచ్‌టీటీపీ తొలి రూపం, 1991 నాటిది, ఎంత చిన్నదంటే అడిగేవాడు పంపేది ఒక్క వరుస: 'గెట్' అనే మాట, పక్కన కాగితం చిరునామా. సర్వరు కాగితం పంపి తీగ తెంచుకుంటుంది. ఆ తర్వాత అడిగినవాడి గురించి ఏమీ దాచుకోనక్కరలేదని ఆయన ఆ నియమావళిలోనే రాశాడు.

ఇది పొరపాటున జరిగింది కాదు. అప్పటికే ఉన్న ఎఫ్‌టీపీ పద్ధతిలో సర్వరు మిమ్మల్ని లోపలికి రానిచ్చి, మీరు ఏ గదిలో ఉన్నారో గుర్తుపెట్టుకుని, మీరు సెలవు తీసుకునేదాకా తలుపు తెరిచే ఉంచుతుంది. పదిమంది వస్తే సరే, పదివేల మంది వస్తే యంత్రం తాళలేదు. పైగా లంకె నొక్కిన ప్రతిసారీ పాఠకుడు మరో దేశంలోని మరో సర్వరుకు వెళ్లిపోతాడు, తిరిగి వస్తాడో రాడో తెలియదు. రానివాడి కోసం తలుపు పట్టుకుని నిలబడటం దేనికి? మరచిపోవడం వల్లనే వెబ్ అంత వేగంగా, అంత చవకగా ప్రపంచమంతా పాకింది. మరచిపోయే సర్వరు పడిపోతే దాని స్థానంలో మరొకటి నిలబెట్టవచ్చు, అడిగేవాడికి తేడా తెలియదు. పట్వారీ ఇంట్లో దస్తరం కాలిపోతే ఊరు ఏమయ్యేదో ఆలోచిస్తే ఈ గుణం విలువ తెలుస్తుంది.

కాగితాలు చదువుకున్నంతకాలం అది చాలింది. 1993 నుంచి పేజీల్లో నింపే ఫారాలు వచ్చాయి, వాటి వెనక సర్వరులో ప్రోగ్రాములు నడవడం మొదలైంది. దుకాణాలు తెరుద్దామనుకున్నారు. బుట్టలో ఒక పుస్తకం వేసి రెండో పేజీకి వెళ్లేసరికి సర్వరుకు ఆ బుట్ట ఎవరిదో తెలియదు. తొలి ఉపాయం పాసుపుస్తకం లాంటిదే. పేజీలోనే కనిపించని గడి ఒకటి పెట్టి, అందులో అప్పటిదాకా జరిగినదంతా రాసి పంపేవారు. కొనేవాడు తర్వాతి పేజీ అడిగినప్పుడు ఆ గడి కూడా తిరిగి వచ్చేది. కొన్ని దుకాణాలు సరుకు ధరను కూడా ఆ గడిలోనే పెట్టాయి. తెలిసినవాళ్లు పేజీని తమ కంప్యూటరులో దాచుకుని, ధర దిద్ది తిరిగి పంపారు. దుకాణం దిద్దిన ధరకే సరుకు పంపేది. నకిలీ పాసుపుస్తకం కథే ఇది, ఈసారి ముద్ర తయారు చేసే శ్రమ కూడా లేదు.

1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లి అనే ఇరవై మూడేళ్ల ఇంజినీరు ముందుకు ఈ సమస్య వచ్చింది. ఎమ్‌సీఐ అనే టెలిఫోను కంపెనీ కోసం నెట్‌స్కేప్ ఆన్‌లైన్ దుకాణం కడుతోంది. సగంలో ఉన్న బేరాల బరువును తమ సర్వర్ల మీద పెట్టుకోవడం ఎమ్‌సీఐకి ఇష్టం లేదు. మోంటుల్లి, జాన్ జియానాండ్రియాతో కలిసి, కుకీకి రూపమిచ్చాడు. సర్వరు జవాబుతో పాటు ఒక చీటీ పంపుతుంది. బ్రౌజరు దాన్ని దాచుకుని, ఆ సర్వరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అడగకుండానే చూపిస్తుంది. చీటీ నాలుగు కిలోబైట్లు మించకూడదు, ఒక్కో సర్వరుకు ఇరవై చీటీలు, మొత్తం మీద మూడు వందలు. ఆ ఏడు అక్టోబరు 13న బయటికి వచ్చిన నెట్‌స్కేప్ తొలి బ్రౌజరులోనే ఇది ఉంది. జనానికి తెలిసింది మాత్రం 1996 ఫిబ్రవరిలో, లండన్ ఫైనాన్షియల్ టైమ్స్ రాశాక. అప్పటి నుంచి మొదలైన గోప్యత తగవు వేరే పెద్ద కథ. ఒక సర్వరు చీటీని పది సైట్లలో పరచి మనిషి వెంట పడిన ప్రకటనల కంపెనీలకు ఈ ధారావాహికలో చోటు లేదు.

కుకీలో ఏం రాయాలి? బుట్ట మొత్తం రాస్తే మళ్లీ దిద్దేవాళ్లు తయారు. కొద్దికాలంలోనే ఒక మంచి పద్ధతి స్థిరపడింది. చీటీలో ఏ సంగతీ రాయరు, ఊహించ వీలుకాని ఒక పొడుగాటి సంఖ్య మాత్రమే వేస్తారు. అసలు సంగతులన్నీ ఆ సంఖ్య పేరు మీద సర్వరులో ఉంటాయి. గుడి ముందు చెప్పులు వదిలితే ఇచ్చే టోకెన్ లాంటిది, దాని మీద దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. దీన్నే సెషన్ అన్నారు. జావాలో, పీహెచ్‌పీలో, మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీలో సెషన్ నడిపే ఏర్పాట్లు సిద్ధంగా వచ్చేశాయి. 2000 సంవత్సరం తర్వాత మన దేశంలో కట్టిన ప్రభుత్వ సైట్లలో చాలావాటికి ఇదే పునాది.

అయితే సర్వరు ఎంతకాలం గుర్తుపెట్టుకోవాలి? వచ్చినవాడు చెప్పకుండా వెళ్లిపోతే ఆ జ్ఞాపకం చెత్తలా పేరుకుంటుంది. అందుకని గడువు పెట్టారు. పాత ఏఎస్‌పీలో కదలిక లేకుండా ఇరవై నిమిషాలు గడిస్తే చెరిపేస్తుంది. జావా సైట్లు ఎక్కువగా నడిచే టామ్‌క్యాట్‌లో ముప్ఫై నిమిషాలు. పీహెచ్‌పీలో 1440 సెకన్లు, అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఎవరూ మార్చకపోతే ఇవే లెక్కలు. ఇంగ్లిషు చదివి, టకటకా టైపు చేసే మనిషికి ఇరవై నిమిషాలు ఎక్కువే. సంచిలోంచి ఆధార్ తీసి, ఫోన్ కొడుకు దగ్గర ఉంటే అతనికి కబురు పెట్టి, ఓటీపీ చెప్పించుకుని, వారసుల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పే విరాసత్ దరఖాస్తుదారుడికి అది చాలదు. 'సెషన్ ఎక్స్‌పైర్డ్' అని తెర మీద పడగానే నింపినదంతా పోతుంది. నా అభిప్రాయంలో ఇది సాంకేతిక లోపం కంటే ఎక్కువ. ఎవరి వేగాన్ని కొలతగా పెట్టుకుని గడువు నిర్ణయించారన్నది అసలు ప్రశ్న. సగం నింపిన దరఖాస్తును దస్తరంలోనే దాచి నంబరిచ్చే పద్ధతి ఉన్న చోట ఈ బాధ లేదు. దాన్ని కట్టడం కష్టమేమీ కాదు, కట్టాలని అనుకోవాలి, అంతే.

ఇక్కడ రెండు రకాల జ్ఞాపకాలు ఉన్నాయని గమనించాలి. మీరు ఇప్పుడు ఏ పేజీలో ఉన్నారు, ఏం నింపారు అన్నది దారి జ్ఞాపకం, పని అయ్యేదాకానే అవసరం. ఫలానా సర్వే నంబరు ఫలానావారిది అన్నది దస్తరం జ్ఞాపకం, తరాలు నిలవాలి. 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్‌లో రాయ్ ఫీల్డింగ్ తన సిద్ధాంత గ్రంథంలో ఈ గీతను స్పష్టంగా గీశాడు. హెచ్‌టీటీపీని తీర్చిదిద్దినవాళ్లలో ఆయన ఒకడు. దారి జ్ఞాపకం అడిగేవాడి దగ్గరే ఉండాలి, ప్రతి అభ్యర్థనా తనకు కావలసినదంతా తానే మోసుకురావాలి, సర్వరు దస్తరాన్ని మాత్రం చూసుకోవాలి అన్నాడు. దానికి రెస్ట్ అని పేరు పెట్టాడు. చెప్పినంత తేలికగా ఎవరూ పాటించలేదు. జనం పెరిగేకొద్దీ ఒక సర్వరు పక్కన మరొకటి, పది, వంద నిలబెట్టారు. మొదటిదాని దగ్గర టోకెన్ తీసుకున్నవాడు రెండోదాని ముందుకు వస్తే అది గుర్తుపట్టలేదు. ఆ టోకెన్లన్నీ ఒకేచోట దాచే ఉమ్మడి కొట్టు కావలసి వచ్చింది. 2003లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ రాసిన మెమ్‌క్యాష్‌డ్, 2009లో సాల్వతోరె సాన్‌ఫిలిప్పో రాసిన రెడిస్ అలాంటి కొట్లుగా ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తున్నాయి.

టోకెన్‌కూ దొంగలున్నారు. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాము విడుదల చేశాడు. తాళం లేని వైఫైలో పక్కవాడి కుకీ సంఖ్యను ఎత్తుకుని, పాస్‌వర్డ్ తెలియకుండానే అతనిలా లోపలికి వెళ్లవచ్చని అందరి ముందూ చూపించాడు. సంఖ్య చూపినవాడే మనిషి అని నమ్మే పద్ధతిలోని ప్రమాదం అప్పుడు అందరికీ అర్థమైంది. పెద్ద సైట్లన్నీ తాళమున్న హెచ్‌టీటీపీఎస్‌కు మారడం ఆ తర్వాత వేగం పుంజుకుంది. 2015 మేలో జేడబ్ల్యూటీ ప్రమాణం వచ్చింది. ఇది ముద్ర వేసిన చీటీ. సంగతులు చీటీలోనే ఉంటాయి, గణిత సంతకం ఉంటుంది కాబట్టి దిద్దితే పట్టుబడుతుంది. సర్వరు ఏమీ దాచుకోనక్కరలేదు. పాసుపుస్తకం మొదటి చిక్కు తీరింది. రెండోది తీరలేదు. ఇచ్చిన చీటీని గడువు లోపల రద్దు చేయాలంటే, రద్దయినవాటి జాబితా ఒకటి సర్వరు మళ్లీ పెట్టుకోవాల్సిందే. భూమి అమ్మినవాడి చేతిలో మిగిలిన పాత పుస్తకం సమస్య ఇదే, అచ్చంగా ఇదే.

మన దగ్గర ఈ చరిత్ర 1998 నవంబరు 4న మొదలవుతుంది. ఆ రోజు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కార్డ్ పథకం నడక మొదలుపెట్టింది. దస్తావేజు రిజిస్ట్రేషన్ గంటలో, ఈసీ నిమిషాల్లో రావడం అప్పటి జనానికి నమ్మలేని సంగతి. అది వెబ్ కాదు, ఆఫీసు లోపలి కంప్యూటర్ల వల. 2001 ఆగస్టు 25న హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఈసేవ వచ్చింది. 2011 నవంబరు 4న మీసేవ వచ్చింది. మీసేవ చేసిన అసలు మేలు దరఖాస్తు నంబరును జనం చేతిలో పెట్టడం. కౌంటరు దగ్గర ఫారం ఇచ్చి వెళ్లాక అది ఏ బల్ల మీద ఉందో తెలుసుకునే హక్కు అంతకుముందు సామాన్యుడికి లేదు. ఇప్పుడు ఆ నంబరు కొడితే దరఖాస్తు ఎవరి లాగిన్‌లో ఆగిందో కనిపిస్తుంది. డిజిటల్ సంతకంతో వచ్చిన సర్టిఫికెట్టు నిజమైనదో కాదో ఎవరైనా అదే నంబరుతో సరిచూసుకోవచ్చు. కాగితం చేతిలో, దాని నిజం దస్తరంలో, రెండింటినీ కలిపే దారి అందరికీ తెరిచి. ఈ మూడూ కలవడం పట్వారీ కాలంలో గానీ, పాసుపుస్తకం కాలంలో గానీ జరగలేదు.

భూమి విషయంలో మరో పాత రోగం ఉండేది. రిజిస్ట్రేషన్ సబ్-రిజిస్ట్రార్ దగ్గర, పేరు మార్పిడి తహసీల్దారు దగ్గర. రెండు ఆఫీసులు, రెండు పుస్తకాలు. అమ్మకం మొదటి పుస్తకంలో ఎక్కి, నెలలు గడిచినా రెండో పుస్తకంలో ఎక్కకపోతే, ఆ సందులో అదే భూమిని మరొకరికి అమ్మిన ఘటనలు కోకొల్లలు. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్ ఈ రెండింటినీ ఒక్కటి చేసింది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారుకే అప్పగించింది. ఓటీపీతో లోపలికి వెళ్లి, వివరాలు నింపి, స్టాంపు డ్యూటీ కట్టి స్లాటు తీసుకుంటారు. ఆ రోజు అమ్మేవాడు, కొనేవాడు, సాక్షులు తహసీల్ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేస్తే, రిజిస్ట్రేషనూ పేరు మార్పిడీ ఒకే పూట అయిపోతాయి. అయితే రెండూ అవుతాయి, కాకపోతే ఏదీ కాదు. దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

నడిమధ్యలో డబ్బు కట్టే మెట్టు ఉంది చూడండి, అక్కడ మూడు జ్ఞాపకాలు కలవాలి: బ్రౌజరుది, పోర్టలుది, బ్యాంకుది. బ్యాంకు డబ్బు తీసుకుని జవాబు పంపేలోపు నెట్ పోతే, బ్యాంకుకు గుర్తుంది, పోర్టలుకు తెలియదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే ఏ సేవలోనైనా వచ్చే చిక్కే ఇది.

"పైసలు కట్ అయినయ్ గని స్లాట్ రాలే బిడ్డా, మల్ల ఒత్తాల్నా?"

"ఒత్తకు కాకా, ఆగు. పైసలు పోయినయో లేవో నంబరు కొట్టి చూస్తా."

మీసేవ కేంద్రంలోని ఆ పిల్లవాడు చెప్పింది కంప్యూటరు శాస్త్రంలో పెద్ద పాఠం. ఒకే పనిని రెండుసార్లు అడిగినా ఒక్కసారే జరిగేలా సేవను కట్టాలి. అలా కట్టాలంటే డబ్బు కట్టకముందే పోర్టలు ఆ లావాదేవీకి ఒక నంబరు వేసి దస్తరంలో రాసుకోవాలి. తర్వాత బ్యాంకును ఆ నంబరుతో అడిగి 'అయిందా, కాలేదా' తేల్చుకోవాలి. నంబరు ముందు, డబ్బు తర్వాత. ఈ వరుస తప్పిన చోట రెండోసారి నొక్కిన మనిషి రెండుసార్లు కడతాడు.

ధరణి మీద జనం కోపం ఇలాంటి చిన్న అంతరాయాల వల్ల రాలేదు. 2017 సెప్టెంబరు 15న మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో తగాదా లేనివాటిని పార్ట్-ఏలో, ఉన్నవాటిని పార్ట్-బీలో వేశారు. పార్ట్-బీలో పడ్డవారికి కొత్త పాసుపుస్తకం రాలేదు. 2018 మే 10న మొదలైన రైతుబంధు, సీజనుకు ఎకరానికి 4000 రూపాయలు, వాళ్లకు అందలేదు. పాత పాసుపుస్తకం చూపిస్తే 'తెర మీద లేదు' అన్నారు. పహాణీలోని అనుభవదారు గడి కొత్త రికార్డులో లేకుండా పోయింది. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. తప్పు దిద్దే అధికారం తహసీల్ ఆఫీసులో లేకుండా పోయింది, కలెక్టరు దాకానో సివిల్ కోర్టు దాకానో పోవాల్సి వచ్చింది. పట్వారీ కాలంలో దస్తరం ఒక్కడి ఇంట్లో ఉండేది. ధరణి వచ్చాక రాష్ట్రానికంతటికీ ఒకే దస్తరం, అందులో పేరు లేని రైతు చేతిలోని కాగితానికి విలువ లేకుండా పోయింది. చేతిలోని సాక్ష్యాన్ని పూర్తిగా కొట్టిపారేసే దస్తరం ఎంత గొప్ప యంత్రంలో ఉన్నా అన్యాయమే చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మంచి వెబ్ సేవలు కూడా అడిగేవాడి చీటీకీ తన పుస్తకానికీ తేడా వస్తే మౌనంగా తోసిపుచ్చవు, తేడా వచ్చిందని రాసుకుని, తేల్చే దారి చూపిస్తాయి.

2024 డిసెంబరులో ధరణి నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ చేతికి మారింది. అదే నెలలో శాసనసభ భూభారతి చట్టాన్ని ఆమోదించింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ మొదలైంది. మొదట ప్రయోగంగా రాష్ట్రంలో నాలుగు మండలాలను తీసుకున్నారు: నారాయణపేట జిల్లా మద్దూరు, ములుగు జిల్లా వెంకటాపూర్, ఖమ్మం జిల్లా నేలకొండపల్లి, మన కామారెడ్డి జిల్లా లింగంపేట. అధికారులు ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి, చెట్టు కిందా బడి వరండాలోనూ కూర్చుని దరఖాస్తులు తీసుకున్నారు, రసీదులిచ్చారు. సంచుల్లోంచి సాదాబైనామాలు, పాత పాసుపుస్తకాలు, ఖాస్రా పహాణీ నకళ్లు బయటికి వచ్చాయి. ఏడు దశాబ్దాలుగా ఇళ్లలో దాచుకున్న జ్ఞాపకమంతా ఒక్కసారి బల్ల మీదికి వచ్చిందనాలి. జూన్‌లో ఇవే సదస్సులు రాష్ట్రమంతా జరిగాయి, 8 లక్షలకు పైగా దరఖాస్తులు చేరాయి. కొత్త చట్టం కింద తప్పును కింది స్థాయిలోనే దిద్దించుకునే వీలు, దాని మీద అప్పీలు చేసుకునే రెండు మెట్లు తిరిగి వచ్చాయి.

ఇంతదాకా మాట్లాడుకున్నది ఎవరి భూమి అన్న జ్ఞాపకం గురించే. ఆ భూమి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే కాగితం మరొకటుంది. దాన్ని తయారు చేసినవాళ్లు గొలుసులు పట్టుకుని ఎండలో నడిచారు, వాళ్ల గీతలు కొన్ని ఊళ్లకు అసలు లేవు, కొన్ని ఊళ్లవి చిరిగిపోయాయి.

(వచ్చే భాగం: నక్ష లేని ఊళ్లు)